నూట ఎనభై గ్రెయిన్ల మందు

మావారి మీద నాకు పెద్ద ఫిర్యాదులేమీ లేవు. ఆయనకు తుపాకి లేదు, అదొక్కటే. ఉండి ఉంటే శుక్రవారం సెలవు రోజున తెల్లారకముందే కొండల్లోకి పోయేవారు, నాకు సాయంత్రం దాకా ఇల్లు మిగిలేది. లేదు కాబట్టి ఇంట్లోనే కూర్చుని తుపాకుల గురించి మాట్లాడతారు. మొగుడు వేటకెళితే ఎలా ఓర్చుకోవాలో మా అమ్మ నాకు చెప్పింది గానీ, వేటకెళ్ళకుండా వేట గురించి మాట్లాడే మొగుడు దొరుకుతాడని ఆవిడ మాత్రం ఎలా అనుకుంటుంది.

ఆయన పేరు మనోహరం, నా పేరు సారా. నర్సాపురం దగ్గర ఒక మిషను ఆస్పత్రిలో చాలాకాలం కాంపౌండరుగా చేసి, డెబ్బై రెండులో ఒమాన్ వచ్చారు. ఇక్కడ ఖురియాత్‌లో, సముద్రం వాసన కొట్టే చిన్న ఆస్పత్రిలో మందుల గది ఆయనది. ఊళ్ళో అందరూ ఆయన్ని దక్తూర్ అని పిలుస్తారు. మొదట్లో డాక్టర్ని కాదని చెప్పేవారు. తరవాత చెప్పడం మానేశారు.

ఊళ్ళో ఇంగ్లీషు అక్షరం ఉన్న ప్రతి వస్తువూ మందుల గది కిటికీ దగ్గరికే వస్తుంది. పాలపొడి డబ్బా, పడవ ఇంజనులో పోసే నూనె, కిటికీలకు వేసే రంగు, అన్నీ ఆయనే చదివి పెట్టాలి. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని చదివి, ఎంత, ఎప్పుడు, ఎలా అన్నది చెప్పి పంపుతారు. నేను బి.ఎస్సీ. చదివాను, ఫిజిక్సుతో. అయితే నా దగ్గర కిటికీ లేదు.

అలా ఒకరోజు కిటికీ దగ్గరికి వచ్చినవి రెండు తూటాల పెట్టెలు. తెచ్చినవాడు మా పక్కింటి ఖతీజా తమ్ముడు ఖల్ఫాన్.

ఖతీజా మొగుడు పడవ మీద వెళ్ళి సముద్రంలోనే పోయాడు. ఆమెకు మిగిలింది మేకలమంద. ఆ పాలతోనే ఆమె ఇల్లు గడుస్తుంది, ఆ పాలతోనే మా ఇంట్లో టీ అవుతుంది. ఆమెకు వచ్చిన హిందీ, నాకు వచ్చిన అరబ్బీ కలిపితే ఒక మనిషికి సరిపడా భాష. అదే ఇద్దరం వాడుకుంటాం. ఆ చలికాలం ఆ మంద మీద ఒక తోడేలు పడింది. పట్టపగలే వస్తుంది. ఊరి వెనక వాదీ ఉంది కదా, వానొస్తేనే పారే ఏరు, దాని అవతలి గట్టు మీద ఒక రాతి అరుగుంది. అక్కడ కూర్చుని మందను చూస్తుంది, ఎవరి పెళ్ళికో వచ్చినట్టు తాపీగా. కాపరి ఏమరితే దిగి ఒకదాన్ని పట్టుకుపోతుంది. ఇవతలి నుంచి ఆ అరుగు మూడొందల గజాలుంటుంది. దగ్గరికి పోదామంటే అటువైపు చాటు లేదు. కొట్టాలంటే ఇక్కణ్ణుంచే కొట్టాలి.

ఖల్ఫాన్ దగ్గర రెండు తుపాకులున్నాయి. ఒకటి వాళ్ళ నాన్న వదిలిపోయిన త్రీనాట్‌త్రీ, ఈ కొండల్లో ప్రతి ఇంట్లోనూ ఉండేదే. రెండోది కొత్తది. కుర్రతనం నుంచీ అబుదాబీలో ఒక ఆయిలు ఇంజనీరు దగ్గర పనిచేశాడతను. ఆ దొర దేశం వదిలిపోతూ తన వేటతుపాకి ఇతనికిచ్చి పోయాడు. దాని పేరు టూ సెవంటీ. త్రీనాట్‌త్రీ గుండు లావు, దీని గుండు సన్నం. దొర ఇచ్చిన తూటాలు ఒక్క పెట్టెడే. ఆ రకం మస్కట్‌లో కూడా దొరకదు, అందుకని ఖల్ఫాన్ దగ్గర్లో ఒక డబ్బా పెట్టి ఒకేఒక్కటి కాల్చి చూసుకుని దాచాడు. త్రీనాట్‌త్రీకి మాత్రం కొత్తపెట్టె బజారులో కొన్నాడు. అతని సందేహం ఒక్కటే. అంత దూరానికి ఈ రెంటిలో ఏది?

మావారు రెండు పెట్టెలూ తిప్పి చూశారు. త్రీనాట్‌త్రీ పెట్టె మీద నూట ఎనభై అని, పక్కన జి.ఆర్. అని ఉంది. టూ సెవంటీ పెట్టె మీద నూట ముప్ఫై, జి.ఆర్. అని ఉంది. జి.ఆర్. అంటే గ్రెయిన్లు. మన దేశమంతా గ్రాముల్లోకి మారిపోయినా మావారు గ్రెయిన్లు వదిలిపెట్టిన మనిషి కాదు. ఆ చిన్న త్రాసు, గ్రెయిన్ల తూనికబిళ్ళలు ఇత్తడిపెట్టెలో పెట్టుకుని ఖురియాత్ దాకా మోసుకొచ్చారు. కాబట్టి ఆయనకు అనుమానమే కలగలేదు. దీన్లో నూట ఎనభై గ్రెయిన్ల మందు ఉంది, దాన్లో నూట ముప్ఫయ్యే ఉంది, మందు ఎక్కువున్నది దూరం పోతుంది, త్రీనాట్‌త్రీ తీసుకో అన్నారు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఖల్ఫాన్ వాళ్ళ నాన్న దూరపు గురికి తుపాకి ఎత్తిపట్టి కొట్టేవాడట. ఆ అవసరం లేదు, ఇంత మందుండగా గుండు కిందికి దిగదు, సూటిగా పెట్టి కొట్టు అని కూడా చెప్పి పంపారు.

ఆ మాట నాకు భోజనాల దగ్గర తెలిసింది.

"గ్రెయిన్లు సరే, దేని గ్రెయిన్లు?" అన్నాను.

"మందువి."

"పెట్టె మీద మందు అని రాసుందా?"

"సారా, గ్రెయిన్లని రాశాక మందని వేరే రాయాలా? పదిహేనేళ్ళు తూచాను. మందు తూకం నాకు తెలీదా?"

చూశారుగా. తెలుగులో తుపాకిలో పోసేదీ మందే, సీసాలో పోసేదీ మందే. అదే ఏ అరబ్బువాడికో ఈ చిక్కు రాదు. వాడికి బారూద్ వేరు, దవా వేరు. మావారు మాత్రం మందు అన్నది ఎక్కడ కనపడినా తన శాఖ కిందే జమ చేసుకుంటారు.

తరవాతి సంగతి చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఖల్ఫాన్ త్రీనాట్‌త్రీతో సూటిగా గురిపెట్టి కొట్టాడు. తోడేలు లేచి, ఒళ్ళు విదిల్చుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ వెళ్ళిపోయింది. ఈలోగా ఖతీజా మేకల్లో చూలుతో ఉన్నదొకటి పోయింది. ఖల్ఫాన్ అవతలి గట్టెక్కి వెతికితే, అరుగుకి మూరెడు కింద మట్టిలో గుండు దిగి ఉంది. కత్తితో తవ్వి తెచ్చి, వాడేసిన ఇత్తడి గొట్టాలతో సహా మావారికి చూపించాడు. మావారు వాటిని పరీక్షగా చూసి, ట్రిగ్గరు లాగేటప్పుడు నీ చెయ్యి అదిరింది అన్నారు. రోగానికి మందు పనిచేయకపోతే పథ్యం సరిగా చేయలేదనడం ఆ వృత్తిలో ఉన్నదేననుకోండి.

ఆ గొట్టాలు, అప్పట్లో డబ్బా మీద కాల్చిన టూ సెవంటీ గొట్టం, ఆ నలిగిన గుండు అన్నీ మా ఇంట్లో రేడియో మీదికి చేరాయి. వచ్చినవాళ్ళకి చూపించడానికి.

వచ్చేవాళ్ళలో ముఖ్యుడు నిసార్ అహ్మద్. ఆస్పత్రి జీపు డ్రైవరు, క్వెట్టా వైపు మనిషి. అతనికీ త్రీనాట్‌త్రీయే గొప్ప. వాళ్ళ తాత దాంతో గుర్రాన్నే పడగొట్టాడట. గుర్రం చేసిన తప్పేమిటో చెప్పలేదు. ఒకే మాట మీదున్న ఇద్దరు మగాళ్ళు సాయంత్రమంతా వాదించుకోవడం నేను అక్కడే చూశాను. లావు గుండు దెబ్బ వేరంటాడు నిసార్. దెబ్బ కాదు, డోసు అంటారు మావారు. పన్నెండేళ్ళ పిల్లాడికీ పెద్దవాడికీ ఒకే డోసు ఇస్తామా అంటారు. నేను టీ పోస్తూ, బరువైన గుండుకి అదే తోపు ఇస్తే మెల్లగా కదా పోయేది, ఎంత మెల్లగా పోతే దారిలో అంత కిందికి దిగుతుంది కదా అన్నాను. టీలో చక్కెర తక్కువైందన్నారు.

అప్పటికి పాలు సగమయ్యాయి. ఖతీజా ఒకరోజు చెంబు ఇచ్చి వెళ్ళకుండా గుమ్మంలో నిలబడింది. ఇబ్రా నుంచి ఒక బేరగాడు శుక్రవారం నమాజు తరవాత వస్తున్నాడని చెప్పింది. మందనంతా అతనికి అప్పజెప్పేస్తుందట. తోడేలుకి ఒక్కొక్కటీ పెట్టేకన్నా అదే నయమంది. కొత్త తుపాకి కూడా ఖల్ఫాన్ అతనికే ఇచ్చేస్తాడట. దక్తూర్ దాన్లో బారూద్ తక్కువన్నాడుగా, మాకెందుకు అంది. మేకలు పోయాక నువ్వేం చేస్తావు అంటే, అన్న ఇంటికి, ఇబ్రా దగ్గరే, అక్కడ వదినలు ముగ్గురున్నారు అంది. ఆ ముగ్గురు అన్న మాట ఆమె పలికిన తీరులోనే నాకంతా తెలిసింది.

ఆ మధ్యాహ్నం మావారు డ్యూటీలో ఉండగా ఇత్తడిపెట్టె తీశాను. రేడియో మీది గొట్టాలు కడిగి, ఎండలో ఆరబెట్టి, వంటింట్లో నిలబెట్టాను. తుపాకిమందు నా దగ్గర లేదు. బొంబాయి రవ్వ ఉంది. త్రీనాట్‌త్రీ గొట్టంలో మూతిదాకా రవ్వ పోసి, వేలితో తట్టి, త్రాసులో వంచాను. నలభై గ్రెయిన్లు కూడా రాలేదు. మందు రవ్వకంటే బరువే కావచ్చు. రెట్టింపు బరువనుకుందాం. అప్పటికీ నూట ఎనభైలో సగం చేరదు. అసలు ఆ గొట్టానికి ఆ తూకం పట్టదు.

తరవాత టూ సెవంటీ గొట్టం. సన్నగుండు కదా, గొట్టం కూడా చిన్నదే అనుకుంటాం. దాన్లో రవ్వ ఎక్కువ పట్టింది. ఎంతో కాదు, గానీ ఎక్కువ. మళ్ళీ పోసి చూశాను. మళ్ళీ అంతే.

ఇక మిగిలింది ఆ నలిగిన గుండు. దాన్ని త్రాసులో వేశాను. నూట అరవై దాటి ఆగింది. తక్కువైన కాస్తా ఆ కొండ ఉంచుకుందన్నమాట. పెట్టె మీద రాసింది మందు తూకం కాదు, సీసం తూకం.

బి.ఎస్సీ. చదివినందుకు వంటింట్లో నాకు దొరికిన మొదటి సంతోషం అదే, ఒంటరిగా పడవలసి వచ్చింది. తేలికగుండు వెనక మందు ఎక్కువ. కాబట్టి అది వేగంగా పోతుంది, తొందరగా చేరుతుంది, దారిలో దిగేది తక్కువ. ఆ దూరానికి కావలసింది టూ సెవంటీ. మావారు ఇచ్చింది సరిగ్గా తలకిందులు మందు.

ఆయన భోజనానికి వచ్చేసరికి పళ్ళెం పెట్టాను. పళ్ళెం మధ్యలో, రెండు చెంచాల ఉప్మా.

"ఏమిటిది?"

"నూట ఎనభై గ్రెయిన్ల రవ్వ. తూచి వండాను. ఇది ఆ గొట్టంలో పట్టిందంటున్నారు మీరు. నాకు పట్టలేదు."

ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. త్రాసు తెచ్చి ముందు పెట్టాను. ఆయనే పోశారు, ఆయనే తూచారు. రవ్వ వేరు, మందు వేరు అన్నారు. ఎంత వేరైతే సరిపోతుందో లెక్క చెప్పమన్నాను. కంపెనీవాళ్ళు అబద్ధం రాస్తారా అన్నారు. రాయరు, చదివినవాళ్ళే తప్పు చదివారు అన్నాను. గుండు కూడా తూచారు. తూచి, ఎడమ పళ్ళెంలోంచి కుడి పళ్ళెంలోకి మార్చి మళ్ళీ తూచారు. త్రాసు మీద ఆయనకు అంతవరకు అనుమానం వచ్చిందంటే, జరగాల్సింది జరిగిందనే నాకు అర్థం.

బిళ్ళలు ఒక్కొక్కటీ పెట్టెలో సర్దారు. మళ్ళీ తీసి, మళ్ళీ సర్దారు.

"ఖల్ఫాన్‌కి చెప్పండి," అన్నాను.

"చూద్దాం."

"శుక్రవారం రేపే. చూడ్డానికేముంది?"

గోడకేసి చూస్తూ అన్నారు: "ఇది చదవడం రాలేదని వాళ్ళకి తెలిస్తే, రేపణ్ణించి నేను చదివి ఇచ్చిన మందు ఎవడు మింగుతాడు సారా? సగంమంది ఇప్పటికే జబ్బు చేస్తే ఒంటి మీద కాల్పించుకోడానికి పోతున్నారు. వాతలు పెట్టే ముసలాడున్నాడుగా."

గర్వమే అయితే ఎగతాళి చేసి ఉందును. ఆయన నిజంగానే భయపడుతున్నారు, ఆ భయం పూర్తిగా తప్పు కూడా కాదు. జ్వరం పిల్లల నుదుటి మీద వాతలు నేనూ చూశాను. అలాగని ఖతీజాని ఆ ముగ్గురు వదినల మధ్యకి పంపి మనం హాయిగా పాలపొడి టీ తాగుదామా? ఆ మాటే అడిగాను. ఆయన అటు తిరిగి పడుకున్నారు. నిద్రపోయేవాళ్ళ కాళ్ళు అలా కదలవు.

నేనే పక్కింటికి వెళ్ళాను. మాకున్న అరకొర భాషలో, రవ్వ గురించి, సీసం గురించి, చేతులు తిప్పి తిప్పి చెప్పాను. ఖతీజా అంతా విన్నది. నమ్మింది కూడా, ఆమె కళ్ళు చెప్పాయి. కానీ తల అడ్డంగా ఊపింది. నా తమ్ముడు దక్తూర్ మాట మీద చేశాడు, దక్తూర్ నోటితో చెబితేనే మానతాడు, నువ్వు దక్తూర్‌వి కావు కదా అంది, మర్యాదగానే. దక్తూరూ దక్తూర్ కాదమ్మా అనబోయి మింగేశాను. అయితే ఒకటి చెప్పింది. దక్తూరే వచ్చి ఆ మాట అంటే ఈ నెల దాటేదాకా మందను అమ్మను.

శుక్రవారం నమాజు అయింది. ఖతీజా వాకిట్లో ఇబ్రా బేరగాడి పికప్పు వెనక్కి తిప్పి పెట్టారు. మేకలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ అరుస్తున్నాయి. బేరగాడు ఒక్కోదాని పళ్ళు చూస్తున్నాడు. ఖల్ఫాన్ కొత్త తుపాకి గుడ్డలో చుట్టి తెచ్చి అతని చేతిలో పెట్టాడు. అతను గుడ్డ విప్పి, భుజానికి ఆనించి, వాదీ అవతలి అరుగు వైపు ఊరికే గురి చూశాడు. సరుకు బాగుందని అతని ముఖం చెబుతూనే ఉంది, నోరు మాత్రం ఇందులో బలం తక్కువటగా అంటోంది.

మావారు వస్తారని నేను అనుకోలేదు. వచ్చారు. సెలవు రోజున కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని, నిసార్ అహ్మద్ వెనక నడుస్తుండగా. ఊళ్ళో సగంమంది మగాళ్ళు ఆ వాకిట్లోనే ఉన్నారు. అందులో చాలామంది ఆయన కిటికీ దగ్గర వరసలో నిలబడేవాళ్ళే. అందరూ దారిచ్చారు, దక్తూర్ వచ్చాడని. ఖల్ఫాన్ కాఫీ గిన్నె అందించాడు. అందుకున్నారు, తాగలేదు.

ఆయనకు అరబ్బీ రాదని కాదు. కిటికీ అరబ్బీ వచ్చు. మింగు, రాసుకో, అన్నం తిన్నాక, పడుకునేముందు, చంటిపిల్లలకి అందకుండా పెట్టు. అన్నీ ఎదుటివాళ్ళకి చెప్పే మాటలే. నేను అని మొదలయ్యే వాక్యం ఆయనకు ఇన్నాళ్ళూ అవసరం పడలేదు. పెట్టె మీద, అని ఊళ్ళో అందరికీ కాస్తో కూస్తో అర్థమయ్యే హిందీలో మొదలుపెట్టి ఆగిపోయారు.

నిసార్‌కి అర్థమైపోయింది. నేను ముందురోజే అతనికి రవ్వ సంగతి చెప్పి ఉన్నాను. చెప్పకుండా ఎలా ఉంటాను. అతను చప్పున ముందుకొచ్చి, స్నేహితుణ్ణి కాపాడే ధోరణిలో, పెట్టె మీద అచ్చు చెదిరిపోయింది, అందుకే దక్తూర్‌సాబ్‌కి సరిగా కనపడలేదు అని అందరికీ వినిపించేలా అన్నాడు. చుట్టూ తలలు ఊగాయి. ఖల్ఫాన్ కూడా ఊపాడు. మంచిదారే. అందులోంచి నడిచిపోతే ఎవరికీ నష్టం లేదు, మేకలకు కూడా.

నేను మేకల పక్కన, ఖతీజాతో నిలబడి ఉన్నాను. ఆమె చేతిలో పలుపుతాడుంది. ఆయన నా వైపు చూశారు. నేను చూపు తిప్పుకోలేదు, తల ఊపలేదు. పెళ్ళయినప్పటి నుంచి నేను నోరు మూసుకున్న సందర్భాల్లో అది చాలా కష్టమైనది.

ఆయన కాఫీ గిన్నె కింద పెట్టారు. బేరగాడి దగ్గరికెళ్ళి, అడగకుండానే, అతని చేతిలోని తుపాకి తీసి ఖల్ఫాన్‌కిచ్చారు.

"అచ్చు బాగానే ఉంది," అన్నారు హిందీలో, ఒక్కో మాట తూచినట్టు. "అది బారూద్ లెక్క కాదు, గుండు బరువు. బారూద్ ఎక్కువుండేది దీన్లోనే. దూరానికి పోయేదీ ఇదే. నీ చెయ్యి అదరలేదు ఖల్ఫాన్. చదివింది నేను. నేనే తప్పు చెప్పాను."